తాళాలు చేతికి రాకముందే: ఇంటి తనిఖీ ఎలా చేయించాలి

కొత్త ఫ్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు చాలామంది గోడలు తడుముతారు, కుళాయిలు తిప్పుతారు, బాల్కనీలో నిలబడి గాలి బాగా వస్తోందని సంతోషపడతారు, గృహప్రవేశం ముహూర్తం మాట్లాడుకుంటూ తిరిగొస్తారు. మొదటి వాన పడ్డాక కిటికీ కింద చెమ్మ కనిపిస్తుంది. అప్పటికి బిల్డరుకు చివరి రూపాయి దాకా చేరిపోయి ఉంటుంది, సైటు ఇంజనీరు ఇంకో ప్రాజెక్టుకు మారిపోయి ఉంటాడు.

అందుకే తనిఖీలో మొదట తేల్చుకోవాల్సింది తేదీ. కొత్త ఫ్లాటుకైతే ఓసీ, అంటే అందులో ఉండొచ్చని అనుమతిస్తూ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక, చివరి వాయిదా కట్టకముందు. పాత ఇంటికైతే బయానా ఇచ్చాక, పూర్తి అగ్రిమెంటు రాసుకోకముందు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం ఓసీ వచ్చిన రెండు నెలల్లోపు కొన్నవారు ఇంటిని స్వాధీనం చేసుకోవాలి. ఆ రెండు నెలలే మీ చేతిలో ఉన్న గడువు. తనిఖీకి ఒక రోజు, మరమ్మతులకు మూడు నాలుగు వారాలు, మళ్లీ తనిఖీకి ఇంకో రోజు లెక్క వేసుకున్నా సరిపోతుంది. వాయిదా కట్టమని డిమాండ్ నోటీసు వచ్చాక లోపాల సాకుతో డబ్బు ఆపేద్దామనుకోకండి. ఆలస్యానికి వడ్డీ కట్టాలని మీ అగ్రిమెంటులోనే రాసి ఉంటుంది. నోటీసుకు ముందే తనిఖీ ముగించి, లోపాల జాబితాను ఈమెయిల్లో పెడితే మీ మాటకు బలం ఉంటుంది.

ఎవరిని పిలవాలి

మన దేశంలో ఇళ్లు తనిఖీ చేసేవారికి ప్రత్యేకమైన లైసెన్సు విధానం లేదు. అమెరికాలో టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో ఇల్లు కొన్న మనవాళ్లకు లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టరు అలవాటే. ఇక్కడ మాత్రం సివిల్ ఇంజనీరు, పెద్ద కంపెనీ, నిన్నటిదాకా టైల్స్ పని చేసిన కాంట్రాక్టరు, ముగ్గురూ ఒకే బోర్డు పెట్టుకోవచ్చు. అందుకని మనిషిని మీరే పరీక్షించుకోవాలి.

పాత రిపోర్టు ఒకటి, పేర్లు తీసేసి పంపమని అడగండి. అందులో ‘మాస్టర్ బెడ్‌రూములో టైల్స్ బాగా లేవు’ అన్న తరహా వాక్యాలుంటే ఆ మనిషి వద్దు. ‘మాస్టర్ బెడ్‌రూము, కిటికీ వైపు నుంచి రెండో వరుస, మూడో టైలు, కుడి మూల బోలు శబ్దం, ఫొటో 14’ అని ఉంటే ఆయన పని చేస్తాడు. తర్వాత, ఎంతసేపు పడుతుందో అడగండి. రెండు పడకగదుల ఫ్లాటుకు ఇద్దరు మనుషులు మూడు నాలుగు గంటలైనా ఉండాలి. గంటలో ముగిస్తానన్నవాడు సగం చూడడు. మరమ్మతుల తర్వాత మళ్లీ వచ్చి చూడటం అదే ఫీజులో ఉందా, వేరేనా అన్నదీ ముందే తేల్చుకోండి. ఫీజును సాధారణంగా చదరపు అడుగుకు ఇంత అని చెబుతారు. అది ఇంటి లోపలి కార్పెట్ ఏరియా మీదా, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి స్థలంలో వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ మీదా అన్నది కూడా అడగాల్సిందే.

వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ అమ్మే సంస్థ ఉచితంగా తనిఖీ చేస్తానంటే ఆ ఉచితం మీకు వద్దు. వాళ్లకు ప్రతి గోడలోనూ చెమ్మ కనిపిస్తుంది. అలాగే బిల్డరు సిఫారసు చేసిన మనిషికి ఏ గోడలోనూ కనిపించకపోవచ్చు.

ఇంకో మాట. తనిఖీ మనిషి కట్టడాన్ని చూస్తాడు, హక్కును చూడడు. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, నిషేధిత భూముల జాబితా, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ జోన్ ఇవన్నీ లాయరూ మీరూ విడిగా చూసుకోవాల్సినవి. బంగారంలాంటి కట్టడం చెరువు శిఖంలో, అంటే చెరువు నేలలో ఉంటే ఏ రిపోర్టూ కాపాడదు.

వెళ్లే రోజుకు ముందు

కరెంటు కనెక్షన్, నీటి సరఫరా లేకుండా తనిఖీ పెట్టుకోవద్దు. సగం పరీక్షలు జరగవు, ‘అవన్నీ బాగానే ఉంటాయి సార్’ అన్న మాట మిగులుతుంది. అగ్రిమెంటుతో పాటు ఇచ్చిన స్పెసిఫికేషన్ల షీటు, గది కొలతలున్న ఫ్లోరు ప్లాను ప్రింటు తీసుకెళ్లండి. టైల్స్ సైజు, స్విచ్చుల కంపెనీ, తలుపుల రకం, పైపుల రకం ఆ షీటులోనే ఉంటాయి. ఆరడుగుల నిచ్చెన సైటులో ఉండేలా చూడమనండి. డీబీ (ఇంటి కరెంటు పంపిణీ బోర్డు), బాత్రూం ఫాల్స్ సీలింగు, పైపులు దిగే షాఫ్టు తలుపు తాళాలు కూడా అడిగి పెట్టుకోండి.

పగటిపూటే వెళ్లాలి. ఎండ గోడ మీద ఏటవాలుగా పడే ఉదయం వేళ ప్లాస్టరింగు ఎత్తుపల్లాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. లేదంటే టార్చిని గోడకు ఆనించి వెలుతురు పక్కగా పారేలా పట్టుకున్నా చాలు. కుదిరితే రెండు మూడు రోజులు బాగా వాన పడ్డాక వెళ్లండి. తెలంగాణలో ఆగస్టు, సెప్టెంబరు, నెల్లూరు వైపైతే నవంబరు ఇందుకు మంచి కాలం.

నీళ్లు: అసలు తనిఖీ ఇక్కడే

ఇంట్లో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం నీటితోనే. ఖరీదైన థర్మల్ కెమెరా కన్నా రెండు బకెట్ల నీళ్లు ఎక్కువ నిజం చెబుతాయి.

బాత్రూముతో మొదలుపెట్టండి. గచ్చు వాలు 80కి 1 నుంచి 100కి 1 మధ్య ఉండాలి. అంటే రెండు మీటర్ల పొడవున్న బాత్రూములో ఈ చివరికీ నీళ్లు పోయే ట్రాపుకీ మధ్య 20 నుంచి 25 మి.మీ. తేడా రావాలి. రసమట్టం పెట్టి కొలవచ్చు. అది లేకపోతే ట్రాపుకు దూరంగా ఉన్న మూలలో బకెట్టు నీళ్లు కుమ్మరించి పదిహేను నిమిషాలు ఆగండి. కమోడు వెనక, తలుపు దగ్గర నీళ్లు నిలిస్తే వాలు తప్పింది. ఇది తర్వాత సర్దుబాటు చేసే లోపం కాదు, టైల్స్ లేపాల్సిందే. కాబట్టి ముందే రాయించాలి. బాత్రూం గచ్చు గది గచ్చు కన్నా 10 నుంచి 20 మి.మీ. కిందికి ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

తర్వాత నీళ్లు నిలబెట్టే పరీక్ష. ట్రాపు నోటిని గుడ్డ చుట్టిన ప్లగ్గుతో గట్టిగా మూసి, గచ్చు మీద 25 మి.మీ. దాకా నీళ్లు నింపి, గోడ టైలు మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత గీయండి. నీళ్లు గదిలోకి రాకుండా గడప దగ్గర సిమెంటు కట్ట వేయించాలి. కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు అలా ఉంచి, కింది ఫ్లాటు బాత్రూం సీలింగు చూడాలి. ముఖ్యంగా పైపు స్లాబును దాటే చోట, బీము పక్కన చూడాలి. పరీక్ష మొదలుపెట్టే ముందే ఆ సీలింగు ఫొటో తీసిపెట్టుకోండి. లేకపోతే మరక పాతదా కొత్తదా అన్న వాదన మిగులుతుంది. దీనికి బిల్డరు ఒప్పుకోకపోతే ఆ నిరాకరణను రిపోర్టులో రాయించండి. పై ఫ్లాటు బాత్రూము కింద ఉన్న మీ సీలింగును కూడా ఇదే కంటితో చూడాలి. మీ లీకేజీని మీరు ఆపుకోగలరు, పైవాళ్ల లీకేజీకి వాళ్ల తలుపు కొట్టాలి.

మురుగు వాసన వస్తోందంటే వెంటనే పైపు పగిలిందనుకోవద్దు. ఫ్లోరు ట్రాపులో దాదాపు 50 మి.మీ. నీళ్లు నిలిచి వాసనను ఆపుతాయి. నెలల తరబడి వాడని ఫ్లాటులో ఆ నీళ్లు ఆవిరైపోతాయి. అరబకెట్టు నీళ్లు పోసి గంట తర్వాత చూడండి. అప్పటికీ వాసన ఉంటే ట్రాపు అసలు పెట్టలేదేమో, జాయింటు వదిలేశారేమో జాలీ తీసి టార్చి వేసి చూడాలి.

గోడల్లో దాచిన పైపుల లీకేజీని సులభంగా పట్టే పద్ధతి నీటి మీటరు. అన్ని కుళాయిలూ, కమోడు ట్యాంకు వాల్వులూ మూసి, ఇంటి మీటరు అంకె రాసుకుని అరగంట ఆగండి. అంకె కదిలిందంటే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. మీటరు లేని ఇంట్లో హెల్త్ ఫాసెట్ యాంగిల్ వాల్వుకు ప్రెషర్ గేజ్ బిగించి, ఫ్లాటులోకి వచ్చే మెయిన్ వాల్వు మూసి, ముల్లు నిలిచిందో దిగిందో చూస్తారు.

ప్రెషర్ గురించి ఒక చిన్న లెక్క: పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక కిలో (చదరపు సెం.మీ.కు) ప్రెషర్. ట్యాంకు మూడు మీటర్ల పైన మాత్రమే ఉన్న చివరి అంతస్తు ఫ్లాటుకు 0.3 కిలోలు దాటదు. ఆ ప్రెషర్‌కు షవరు నీళ్లు చినుకుల్లా రాలతాయి. ప్రెషర్ పంపు ఉందా, దానికి జనరేటరు బ్యాకప్ ఉందా అని అడగండి.

కిటికీల దగ్గర బయటి నుంచి గొట్టంతో పది పదిహేను నిమిషాలు నీళ్లు కొట్టించాలి. కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు ఎక్కడి నుంచి దూరాయో తెలియదు. కిటికీ కింది రాయి బయటికి వాలి ఉండాలి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేము కింది అంచున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. పుట్టీ పెట్టేవాళ్లు, రంగు వేసేవాళ్లు వాటిని మూసేస్తుంటారు. అగ్గిపుల్లతో పొడిస్తే తెలిసిపోతుంది.

చివరి అంతస్తు కొంటే డాబా ఎక్కకుండా రిపోర్టు తీసుకోవద్దు. పిట్టగోడ స్లాబును కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా తీర్చారో లేదో, వాన నీటి పైపు నోరు గచ్చు కన్నా కిందికి ఉందో లేదో, సోలారు స్టాండ్లూ డిష్ యాంటెన్నాలూ బిగించడానికి వాటర్‌ప్రూఫింగును తొలిచి బోల్టులు కొట్టారో లేదో చూడాలి. మూడోదే ఎక్కువ హాని చేస్తుంది.

ఇక పరికరాల సంగతి. థర్మల్ కెమెరా గోడ లోపలికి చూడదు, గోడ పైపొర ఎంత వేడిగా ఉందో మాత్రమే చూపుతుంది. తడి ఆరుతున్న చోట చల్లగా ఉంటుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది. ఏసీ గాలి తగిలినా, నీడలో ఉన్నా నీలమే. అందుకని కెమెరా అనుమానించిన చోట మాయిశ్చర్ మీటరు గుచ్చి చూడాలి. ఆ మీటరులో పిన్నులుండే రకాల అంకెలు ఎక్కువగా చెక్కకు సరిపోయేలా అమర్చినవి. ప్లాస్టరు మీద వచ్చే ‘18’ని తేమ శాతం అనుకోకూడదు. అదే ఇంట్లో పొడిగా ఉన్న లోపలి గోడ అంకెతో పోల్చి మాట్లాడాలి. ఉప్పు పేరుకున్న గోడ, లోపల లోహం ఉన్న చోటు దొంగ అంకెలు చూపిస్తాయి. పోలిక లేకుండా అంకె ఒక్కటే రాసిన రిపోర్టును వెనక్కి పంపండి.

చెమ్మ గోడ లోపలి నుంచి వస్తోందా, గదిలోని గాలి తేమా అని తేల్చడానికి మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. షీటుకు గోడ వైపు తడి చేరితే అది గోడలోంచి, గది వైపు చేరితే గాలిలోంచి. గ్రౌండ్ ఫ్లోరులో గచ్చు నుంచి మీటరు ఎత్తు వరకూ పట్టీలా చెమ్మ పాకి తెల్లటి ఉప్పు పూసిందంటే నేల నుంచి ఎక్కుతోందని అర్థం. దానికి బయట ఎన్ని పూతలు రంగు వేసినా ఆగదు.

కరెంటు: నొక్కి చూడటం సరిపోదు

ప్రతి మూడు పిన్నుల సాకెట్‌లోనూ మల్టీమీటరు పెట్టించండి. ఫేజు, న్యూట్రల్ మధ్య 230 వోల్టులకు అటూ ఇటూ. ఫేజు, ఎర్త్ మధ్య దాదాపు అంతే. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజు, ఎర్త్ మధ్య 80, 100 అంటూ నిలకడ లేని అంకె వస్తే ఎర్త్ తీగ ఎక్కడా కలవలేదని తెలుసుకోవాలి. మూడు లైట్లుండే చవక సాకెట్ టెస్టరు పని వేగంగా చేస్తుంది కానీ, న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ తారుమారు చేసి కలిపితే పట్టలేదు.

అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. ఎర్త్ లేని సాకెట్‌లో ఎలక్ట్రీషియన్ న్యూట్రల్ నుంచే చిన్న తీగ ముక్క ఎర్త్ పిన్నుకు కలిపేస్తాడు. టెస్టరు అన్నీ బాగున్నాయంటుంది. ఎప్పుడో న్యూట్రల్ ఊడిన రోజు వాషింగ్ మెషిన్ బాడీకి కరెంటు వస్తుంది. న్యూట్రల్, ఎర్త్ మధ్య అంకె ఖచ్చితంగా సున్నా చూపించే సాకెట్లలో ఒకటి రెండింటి ప్లేటు విప్పించి చూడండి. మెయిన్ ఆఫ్ చేసి 500 వోల్టుల మెగ్గర్‌తో (తీగల ఇన్సులేషన్ కొలిచే పరికరంతో) పరీక్షిస్తే ఈ దొంగ కలయికలు, నలిగిన తీగలు కూడా బయటపడతాయి. రీడింగు ఒక మెగాఓమ్‌కు తగ్గకూడదు. మెగ్గర్ పెట్టే ముందు ఎల్‌ఈడీ లైట్లు, పరికరాలు అన్నీ విడదీయాలి. మరిచిపోతే అవే కాలిపోతాయి.

కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి. 100 గానీ 300 గానీ రాసి ఉంటే అది ప్రాణరక్షణకు సరిపోదు. దాని మీదున్న టెస్టు బటన్ నొక్కితే ట్రిప్ కావడం మంచిదే. కానీ ఆ బటన్ లోపలి యంత్రాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, మీ ఇంటి ఎర్తింగును కాదు. ఎర్త్ లేకున్నా బటన్‌కు ట్రిప్ అవుతుంది. అందుకే సాకెట్‌లో ఆర్‌సీసీబీ టెస్టరు పెట్టి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ ఇచ్చి, 0.3 సెకన్ల లోపు ట్రిప్ అయిందో లేదో చూడమనండి.

డీబీ విప్పించి తీగ మందాన్ని ఎంసీబీతో (కరెంటు మోతాదు మించితే ట్రిప్ అయ్యే స్విచ్చుతో) జత చూడటం తప్పనిసరి. లైట్లకు 1.5 చదరపు మి.మీ. తీగ, 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. పవర్ సాకెట్లకు 2.5 తీగ, 16 ఆంపియర్లు. ఏసీ, గీజరుకు 4 తీగ, 20 ఆంపియర్లు. రెండు కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు, మూడు కిలోవాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. తరచూ ట్రిప్ అవుతోందని 2.5 తీగకు 32 ఆంపియర్ల ఎంసీబీ పెట్టే అలవాటు మనవాళ్లలో ఉంది. అప్పుడు ఎంసీబీ కన్నా ముందు తీగ కాలుతుంది. పాత ఇల్లు కొనేవాళ్లు ఈ ఒక్క జతనూ వదలకూడదు.

టైల్స్, తలుపులు, కొలతలు

టైల్స్‌ను బంతి తల ఉన్న సన్నటి స్టీలు కడ్డీతో ఐదు చోట్ల తట్టాలి, నాలుగు మూలలా, మధ్యలో. రూపాయి బిళ్లతో తట్టినా తెలుస్తుంది. మధ్యలో చిన్న బోలు ఉంటే ఊరుకోవచ్చు. మూల బోలైతే మంచం కాలు పడినా, సిలిండరు పడినా విరుగుతుంది, మార్పించాల్సిందే. విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చేది 0.5 శాతం లోపే. ఉట్టి సిమెంటు పాలు దానికి సరిగ్గా పట్టుకోవు. పైగా పెద్ద టైలును నాలుగైదు ముద్దల మీద పెట్టి తట్టేస్తే మధ్యలో గాలి మిగులుతుంది. మధ్యలో సందే లేకుండా ఆనించి పరిచిన టైల్స్ ఎండాకాలంలో వ్యాకోచించి గుడారంలా లేస్తాయి. రెండు మి.మీ. సందు ఉందో లేదో చూడండి.

తలుపులు మూసి, తెరిచి, మధ్యలో వదిలేయండి. దానంతట అదే కదిలితే ద్వారబంధం నిలువులో లేదు. చెక్క బంధమైతే గడప దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిచి చెదలు చూడాలి.

కార్పెట్ ఏరియా కొలిచేటప్పుడు గొడవ పెట్టుకునే ముందు ఒకటి గమనించండి. ప్లానులో గది కొలతలు సాధారణంగా ఇటుక నుంచి ఇటుకకు ఉంటాయి. రెండు వైపులా ప్లాస్టరు 12 నుంచి 15 మి.మీ. చొప్పున కలిసి అంగుళం తినేస్తుంది. 12 అడుగులు, 14 అడుగుల గది 168 చదరపు అడుగులు. పొడవులోనూ వెడల్పులోనూ రెండేసి అంగుళాలు తగ్గితే దాదాపు 164. ఒక అంగుళం ప్లాస్టరుది, రెండోది బిల్డరు చెప్పాలి. రెరా లెక్కలో లోపలి అడ్డగోడల మందం కార్పెట్ ఏరియాలోకి వస్తుంది, బయటి గోడలు, షాఫ్టు, బాల్కనీ రావు. లేజర్ మీటరుతో కొలిచి, అడ్డగోడలు కలిపిన లెక్కను గదివారీగా పట్టికలో ఇవ్వమనండి.

పగుళ్లు, పాత ఇళ్లు

పగులు కనిపించగానే గుండె జారనక్కర్లేదు. పుట్టీలో, ప్లాస్టరులో జుట్టులాంటి పగుళ్లు ఆరేటప్పుడు వస్తాయి. కాలమ్‌కూ ఇటుక గోడకూ కలిసే చోట నిలువుగా, బీము కింద అడ్డంగా వచ్చే సన్నటి గీతలు అక్కడ జాలీ వేయకుండా ప్లాస్టరింగు చేసినందువల్లే ఎక్కువ. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. దాని అంచు పగుల్లోకి దూరితే కొలిచి రాయాలి. ఐదు మి.మీ. దాటితే, లేదా కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా సాగితే స్ట్రక్చరల్ ఇంజనీరును విడిగా పిలవాలి. బీము చివర్న 45 డిగ్రీల పగులు, కాలమ్ పొడవునా నిలువు పగులు, దాని వెంట తుప్పు మరక ఉంటే బేరం అక్కడితో ఆపి ముందు ఇంజనీరు మాట వినండి.

నల్లరేగడి నేలల్లో ఇల్లు ఊపిరి తీసినట్టు కదులుతుంది. ఎండాకాలంలో పగుళ్లు విచ్చుకుంటాయి, వానాకాలంలో మూసుకుంటాయి. సెప్టెంబరులో చూసి బాగుందనుకున్న ఇంటిని మేలో మళ్లీ చూడటం మంచిది. అయితే గచ్చు ఒక్కటే కుంగి స్కర్టింగు కింద సందు వచ్చి, గోడలు బాగానే ఉంటే అది పునాది తప్పు కాదు. లోపల నింపిన మట్టిని సరిగ్గా దిమ్మిస కొట్టలేదు, అంతే. దీని బాగుచేత ఖర్చు వేరు, పునాది బాగుచేత ఖర్చు వేరు. అమ్మేవారూ కొనేవారూ ఈ తేడా తెలియకే బేరంలో దెబ్బతింటారు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో శత్రువు ఉప్పుగాలి. ఊచ తుప్పు పడితే దాని పరిమాణం రెండు మూడు రెట్లు దాటి ఉబ్బి, మీదున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. బాల్కనీ స్లాబు అడుగున సుత్తితో మెల్లగా తట్టి బోలు శబ్దం ఎక్కడొస్తుందో సుద్దతో గుర్తు పెట్టాలి. ఊచకు తగినంత కాంక్రీటు కప్పు ఉందో లేదో కవర్ మీటరు చెబుతుంది. కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీవ్రమైన వాతావరణంలో అది 45 మి.మీ. ఉండాలి. చిన్న ముక్క కొట్టి ఫినాల్ఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వచ్చినంత మేర కాంక్రీటు క్షారగుణం మిగిలి ఉంది, ఊచకు రక్షణ ఉంది. రంగు రాని లోతు ఊచ దాకా వెళ్లిందంటే తుప్పుకు దారి తెరుచుకున్నట్టే.

రీబౌండ్ హామర్ (కాంక్రీటు మీద కొట్టి గట్టిదనం చూసే పరికరం) అంకెలు చూపించి కాంక్రీటు బలం చెప్పేవాళ్లున్నారు. ప్లాస్టరు మీద కొట్టిన అంకెకు విలువ లేదు. ప్లాస్టరు చెక్కి కాంక్రీటు మీద కొట్టినా, పాత కాంక్రీటు పైపొర గట్టిపడి అంకె ఎక్కువే వస్తుంది. రెండు కాలమ్‌ల మధ్య తేడా పట్టడానికి అది పనికొస్తుంది, సర్టిఫికెట్ ఇవ్వడానికి కాదు. ఇంటి మీద తర్వాత వేసిన అంతస్తు ఉంటే మంజూరైన ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో మొదట చూడండి. ఒక అంతస్తుకు వేసిన పునాది మీద మూడోది నిలబడి ఉంటే ఏ హామరూ చెప్పనక్కర్లేదు.

అమ్మేవాళ్లకు

ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు మీరే తనిఖీ చేయించుకుంటే, బేరం మధ్యలో కొత్త లోపం బయటపడి ధర ఒకేసారి పడిపోయే పరిస్థితి రాదు. కారే కుళాయిలు, బిగుసుకున్న తలుపులు, విరిగిన స్విచ్చులు, గ్రౌట్ పోయిన బాత్రూం సందులు రెండు మూడు రోజుల పని. అవి చేయించండి. చెమ్మ ఉన్న గోడకు మాత్రం కారణం ఆపకుండా రంగు వేయించవద్దు. ఒక్క గోడకే కొత్త రంగు వాసన వస్తే మాయిశ్చర్ మీటరు ముందుగా అక్కడికే వెళుతుంది. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

వాటర్‌ప్రూఫింగ్ బిల్లు, గ్యారంటీ కాగితం, బోరు లోతు, మోటారు దించిన లోతు, పైపులు తీగలు గోడలో ఎటు వెళ్లాయో కట్టేటప్పుడు తీసిన ఫొటోలు ఒక ఫైలులో పెట్టండి. బిల్డరు మీకిచ్చిన పొజెషన్ లెటరు కూడా. రెరా కిందికి వచ్చే ప్రాజెక్టయితే కట్టడ లోపాలకు ఐదేళ్ల బాధ్యత ఆ తేదీ నుంచే లెక్క, అది మీ దగ్గర కొన్నవారికీ వర్తిస్తుంది. మూడేళ్ల ఫ్లాటుకు ఈ కాగితం ధర పెంచుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక

లోపాలన్నిటినీ ఒకే కుప్పగా పంపితే బిల్డరు మనుషులు తేలికైనవి సరిచేసి ‘ఎనభై శాతం అయిపోయింది’ అంటారు. మూడు భాగాలు చేయండి. తాళాలు తీసుకునేలోపే జరగాల్సినవి: లీకేజీలు, ఎర్తింగు, బాత్రూం వాలు, మూల బోలు టైల్స్. నెలలోపు జరగాల్సినవి: తలుపులు, రంగు, సిలికాన్. గమనించాల్సినవి: సన్నటి పగుళ్లు. వీటి రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి, ఆరు నెలల్లో గీత దాటాయేమో చూడండి.

ఐదేళ్లలోపు కట్టడంలో, పనితనంలో లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సిన బాధ్యత రెరా చట్టం 14(3) సెక్షన్ ప్రకారం బిల్డరుదే. ఆ సెక్షన్ నంబరు ఈమెయిల్లో రాయండి, ఫోనులో చెప్పింది లెక్కలోకి రాదు. కానీ 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు మించని స్థలంలో కట్టినవాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లలో 200, 300 గజాల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇలాంటివే. అక్కడ కొనేవాళ్లు లోపాల బాధ్యత ఎన్నేళ్లు, ఎన్ని రోజుల్లో సరిచేయాలి అన్నది అగ్రిమెంటులోనే రాయించుకోవాలి.

రెండోసారి తనిఖీకి వచ్చినప్పుడు పాత ఫొటో నంబర్ల ప్రకారమే ఒక్కొక్కటీ చూడాలి. బోలు టైలును మార్చారా, లేక సందులోంచి సిమెంటు పాలు ఎక్కించి సరిపెట్టారా అన్నది మళ్లీ తట్టి చూస్తేనే తెలుస్తుంది. బాత్రూములో ఒక్క టైలు లేపినా వాటర్‌ప్రూఫింగ్ పొర చిరిగి ఉండొచ్చు కాబట్టి, నీళ్లు నిలబెట్టే పరీక్ష మళ్లీ చేయించండి. మార్చిన టైలు రంగు మిగతావాటితో కలవకపోతే బ్యాచి వేరని అర్థం. అందుకే తాళాలతో పాటు ప్రతి రకం టైల్స్ పెట్టె ఒకటి, గోడ రంగు షేడ్ నంబరు, డీబీ మీద ఏ ఎంసీబీ దేనికో రాసిన చీటీ అడిగి తీసుకోండి.